సూట్‌కేసులో జాకెట్ వద్దు ఖాలా



పోయిన జుమా రోజు మధ్యాహ్నం, దస్తర్‌ఖాన్ ఇంకా ఎత్తకముందే మా ఖాలా ఫోన్ చేసింది. వాళ్ళమ్మాయికి చికాగోలో ఎమ్మెస్ సీటు వచ్చింది, మాషా అల్లాహ్. ఆగస్టులో ప్రయాణం. "నువ్వు రెండేళ్ళు అక్కడే చదివొచ్చావు కదా బేటా, చలికి ఏమేం కొనాలో లిస్టు చెప్పు, రాసుకుంటా" అంది. నేను నోరు తెరిచేలోపే జాకెట్ కొనేశామని కూడా చెప్పింది. హైదరాబాద్ పోయి, పదకొండు వేలు పెట్టి, నల్లటి లెదర్ జాకెట్ తెచ్చారట. లోపల బొచ్చు కూడా ఉందట. "ఇంక బుర్ఖాలు ఎన్ని పెట్టమంటావు?" అని అడిగింది.

ఆ రెండు మాటలకీ ఫోన్లో జవాబు చెప్పడం నా వల్ల కాలేదు. ఏదో సర్ది చెప్పి పెట్టేశాను. ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఇదే అడుగుతున్నారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. పిల్లల్ని చలిదేశాలకు పంపుతున్న అమ్మీలు, అబ్బాలు కొంచెం ఓపిగ్గా చదవండి.

నేను వెళ్ళింది 2018 ఆగస్టులో. మా అబ్బా కూడా సరిగ్గా ఇదే పని చేశారు. పాడిన చీటీ డబ్బులో ఎనిమిది వేలు తీసి జాకెట్ కొన్నారు. మా కడపలో 18 డిగ్రీలకే మఫ్లర్ చుట్టుకునే మనిషి ఆయన. ఆ జాకెట్ వేసుకుని చూసి, చెమట కారుతుంటే, "ఇది చాలు, మంచుకొండ మీదైనా ఉండొచ్చు" అన్నారు. మన ఊళ్ళో చెమట పట్టించే బట్ట అక్కడ చలిని ఆపుతుందని అనుకోవడమే మనం చేసే మొదటి పొరపాటు. ఆ జాకెట్ నడుము దాకానే ఉంది. గాలి ఆపే గుణం లేదు. లెదర్ అని అమ్మింది రెగ్జిన్. నవంబరు ఆఖరుకి మోచేతుల దగ్గర అప్పడంలా పగిలింది.

చికాగో చలిలో డిగ్రీలు సగమే, మిగతా సగం గాలి. పక్కనే మిషిగన్ సరస్సు. చెరువు కాదు, అవతలి ఒడ్డు కనిపించదు. జనవరిలో ఎండ కాస్తుంటుంది, కిటికీలోంచి చూస్తే మన సంక్రాంతి పొద్దులాగే ఉంటుంది. తలుపు తీస్తే ముక్కులో వెంట్రుకలు గడ్డకడతాయి. నేను నడుము దాకా జాకెట్, కింద పల్చటి బుర్ఖా, దాని కింద కాటన్ లెగ్గింగ్, కాళ్ళకి కాన్వాస్ బూట్లతో ఒక సాయంత్రం బస్ స్టాపులో ఇరవై నిమిషాలు నిలబడ్డాను. గదికొచ్చి సాక్సులు తీస్తే కుడికాలి రెండు వేళ్ళు మైనంలా తెల్లగా ఉన్నాయి. ముట్టుకుంటే నాకు తెలియలేదు. గోరువెచ్చని నీళ్ళలో పెట్టాక స్పర్శ వచ్చింది, దాంతోపాటు ప్రాణం పోయేంత మంట. అల్లాహ్ దయ, అంతటితో పోయింది. ఆ రాత్రి వీడియో కాల్‌లో అమ్మీ "చలికి జాకెట్ బాగుందా బేటా?" అంటే "చాలా బాగుంది అమ్మీ" అన్నాను. ఇలాంటి అబద్ధాలు మీ పిల్లలు కూడా చెబుతారు. మీరు అప్పు చేసి కొన్నది పనికిరాలేదని చెప్పడానికి వాళ్ళకు మనసు ఒప్పదు. నా గొడవంతా అందుకే.

మస్జిద్‌లో పరిచయమైన ఒక హైదరాబాదీ ఆపా నా బూట్లు చూసి, "ఏ క్యా పైన్‌కో ఫిర్‌రీ తూ? మర్‌జాతీ క్యా?" అని గదమాయించి, మర్నాడే పాత బట్టల దుకాణానికి తీసుకెళ్ళింది.

పాత బట్టలు అనగానే మీ మొహాలు ఎలా మారాయో నాకు తెలుసు. మన దగ్గర ఆ మాటకి 'ఉతరన్' అని పేరు. ఒకరు విడిచింది ఇంకొకరు వేసుకోవడం. వాజిదా తబస్సుమ్ రాసిన 'ఉతరన్' కథ తెలిసినవాళ్ళకి ఆ ఒక్క మాటలో ఎంత జిల్లత్ ఉందో చెప్పక్కర్లేదు. నవాబు బిడ్డ విడిచిన బట్టలు కట్టుకుని పెరిగిన ఆయా కూతురి పగ అది. మా నానీ ఎంత గరీబీలోనైనా పిల్లలకి ఈద్‌కి ఒక్క కొత్త జత కుట్టించేది, ఇతరుల ఇళ్ళ నుంచి వచ్చింది మాత్రం ముట్టనిచ్చేది కాదు. ఆ ఖుద్దారీ నాకు ఇష్టం. కాని అమెరికాలో ఆ దుకాణాల సంగతి వేరు. ప్రొఫెసర్లు కూడా వస్తారు. సైజు మారిందనో ఊరు మారుతున్నామనో జనం మంచి కోట్లు ఇచ్చిపోతారు. వాటిని కొంటాం. ఖైరాత్‌గా ఎవరూ ఇవ్వరు. నేను 22 డాలర్లకి చీలమండల దాకా వచ్చే కోటు కొన్నాను. కొత్తదైతే 200 పైమాటే. ఉతికి, ఆరేసి, పాక్ చేసుకుని వేసుకున్నాను. రెండు చలికాలాలు నడిచింది. వచ్చేటప్పుడు ఇంకో అమ్మాయికి ఇచ్చి వచ్చాను.

ఆ ఆపా కోటు ఎంచిన తీరు నాకు ఇంకా గుర్తు. రంగు చూడలేదు. ముందు పొడవు చూసింది. తర్వాత పైబట్ట నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా ఊదింది. అవతలికి గాలి పోతే పక్కన పడేసింది. నన్ను హిజాబ్ తీయకుండానే కోటు టోపీ పెట్టుకోమంది. హిజాబ్ మీద ఆ టోపీ పట్టకపోయినా, తల తిప్పగానే జారిపోయినా ఆ కోటు మనకి పనికిరాదు. మామూలుగా కొనేవాళ్ళు జుట్టు మీద పెట్టి చూస్తారు, మనం హిజాబ్‌తో చూడాలి. చివరికి జిప్పు. పైనుంచే కాక కిందినుంచి కూడా తెరుచుకునే జిప్పు ఉండాలంది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. పొడుగు కోటుతో బస్సెక్కాలన్నా, యూనివర్సిటీలో ఏ మూలనో జుహర్ చదువుకుంటూ ఖాయిదాలో కూర్చోవాలన్నా ఆ కింది జిప్పు తెరవాలి. లేకపోతే మోకాళ్ళు ముడవవు.

ఇక లోపలి సంగతి. ఒక లావు బట్ట కన్నా మూడు పల్చటివి మేలు. ఒంటికి అంటుకుని థర్మల్, దాని మీద ఊలు స్వెటరో ఫ్లీసో, పైన గాలీ తడీ ఆపే కోటు. ఆ పొరల మధ్య నిలిచే గాలే మనల్ని వెచ్చగా ఉంచుతుంది. ఒంటికి ఆనే పొర మాత్రం కాటన్ వద్దు. మన ఎండలకి కాటన్ రహమత్. అక్కడ అది చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, ఆ తడి ఒంటిని చల్లారుస్తుంది. ఊలు కొంచెం తడిసినా వెచ్చదనం వదలదు. ఖుర్ఆన్ సూరా నహ్ల్‌లో పశువుల వల్ల మనకు దొరికే వెచ్చదనం ప్రస్తావన అయిదో ఆయత్‌లోనే వస్తుంది. కడపలో చదివినప్పుడు నా కళ్ళు ఆ ఆయత్ మీద ఆగలేదు. అక్కడ ఆగాయి.

పొరలు ఎందుకంటే ఇంకో కారణం కూడా ఉంది. అక్కడ ఇళ్ళూ క్లాసులూ వెచ్చగా ఉంటాయి. చలికాలంలో అద్దె ఇళ్ళ వేడి పగలు 68 ఫారెన్‌హీట్, అంటే 20 సెల్సియస్, తగ్గకూడదని చికాగో నగరం నియమమే ఉంది. బయట మైనస్ 15, లోపల ప్లస్ 22. రోజుకి పదిసార్లు లోపలికీ బయటికీ. బొచ్చు జాకెట్ ఒక్కటే ఉన్న పిల్ల లోపల ఉడికిపోతుంది, బయట వణుకుతుంది.

మీరు ఇక్కడ కొనవలసింది ఉంది, లేదనను. రెండు మూడు జతల థర్మల్స్ ఇక్కడే కొనండి, లూధియానా సరుకు బాగుంటుంది, చవక. నానీ అల్లిన స్వెటర్ ఉంటే అది తప్పకుండా పెట్టండి. చలికాలంలో రోడ్డు పక్కన టిబెటన్లు అమ్మే ఊలు శాలువా ఒకటి. జారిపోని, సాగే బట్ట హిజాబులు నాలుగు, లోపల తొడుక్కునే టోపీలు రెండు. షిఫాన్ స్కార్ఫులు గాలికి ఎగిరిపోతాయి, పిన్ను గడ్డం కింద మంచుముక్కలా గుచ్చుకుంటుంది. అబ్బాయిలకైతే ఒక మాట. కొన్ని ఖరీదైన థర్మల్స్ అసలు పట్టుతో చేస్తారు, మగవాళ్ళకి ఆ పట్టు హరామ్. లేబుల్ చదివి కొనండి. చేతి గ్లవుజుల్లో, బూట్ల లోపలి అస్తరులో పందితోలు వాడటం అక్కడ మామూలు. లెదర్ అని మాత్రమే రాసి ఉంటే ఏ జంతువుదో అడగాలి, చెప్పలేకపోతే వదిలేయాలి. గ్లవుజులకి ఊలు, సింథటిక్ బోలెడు దొరుకుతాయి కాబట్టి ఆ శంక పెట్టుకోవడం దేనికి?

బూట్లు మాత్రం పాతవి కొనకండి. వేరేవాళ్ళ పాదానికి అలవాటైన బూటు మన పాదానికి నొప్పి చేస్తుంది, అడుగు అరిగిపోయి ఉంటే మంచు మీద జారతాం. కోటు మీద మిగిలిన డబ్బు బూట్లకి పెట్టండి. నీళ్ళు లోపలికి రానివి, చీలమండ దాటేవి, అడుగున లోతైన గాట్లు ఉన్నవి. ఇవి కూడా అక్కడికి పోయాక కొనాల్సినవే. మీ సైజు కన్నా అర సైజు, వీలైతే ఒక సైజు పెద్దవి తీసుకోమని పిల్లలకి చెప్పండి. ఎందుకంటే లోపల ఖుఫ్ఫైన్ పట్టాలి.

ఖుఫ్ఫైన్ సంగతి మన ఇళ్ళలో ఎవరూ చెప్పరు, అవసరం రాదు కాబట్టి. తోలుతో చేసిన మేజోళ్ళు అవి, చీలమండలు కప్పుతాయి. డిసెంబరులో చికాగోలో సాయంత్రం నాలుగున్నర లోపే సూర్యుడు మునుగుతాడు. జుహర్, అసర్, మగ్రిబ్ మూడూ క్లాసుల మధ్యే ముగిసిపోతాయి. ప్రతిసారీ యూనివర్సిటీ బాత్‌రూములో బూట్లు విప్పి, సాక్సులు విప్పి, వాష్‌బేసిన్‌లో కాలు పెట్టి కడుక్కుని, ఆ తడికాలు మళ్ళీ సాక్సులో దోపి మైనస్ 15లోకి నడిస్తే ఏమవుతుందో నా రెండు వేళ్ళు చెబుతాయి. వింతగా చూసే జనం సంగతి సరేసరి. మొదటి రెండు నెలలు నేను అసర్ ఖజా చేశాను. సిగ్గుతో రాస్తున్నాను, కాని నిజం. నమాజు మీద మనసు లేక కాదు, కాళ్ళు తడపాలంటే భయమేసి.

పొద్దున ఇంట్లో కాళ్ళు కడిగి పూర్తి వజూ చేసుకుని ఖుఫ్ఫైన్ వేసుకుంటే, ఆ తర్వాత వజూ పోయినప్పుడల్లా బూటు తీసి, తడి వేళ్ళతో పాదం పైన మసహ్ చేస్తే చాలు. ముఖీమ్‌కి ఒక పగలూ ఒక రాత్రీ, ముసాఫిర్‌కి మూడు రోజుల మియాద్. మామూలు పల్చటి సాక్సుల మీద మా హనఫీ మస్లక్‌లో మసహ్ చెల్లదు. దళసరి మేజోళ్ళ గురించి ఉలమాల్లో తఫ్సీల్ ఉంది, మీ ఆలిమ్‌ని అడిగి పంపండి. డెవాన్ అవెన్యూ అని మన హిందుస్తానీలు, పాకిస్తానీల దుకాణాల వీధి ఒకటి ఉంది చికాగోలో. దాంట్లో ఒక ముక్కకి గాంధీ పేరు, ఇంకో ముక్కకి జిన్నా పేరు పెట్టారు. హలీమ్, పాన్ దగ్గర్నుంచి అన్నీ దొరుకుతాయి. అక్కడ ఒక దీనీ పుస్తకాల దుకాణంలో నాకు ఖుఫ్ఫైన్ దొరికాయి. కోటు కన్నా, స్వెటర్ల కన్నా నా నమాజుని కాపాడింది ఆ తోలు మేజోళ్ళే. ఇంజినీరింగ్ దాకా చదివించాం, దీనీ తాలీమ్ ఇచ్చాం అనుకుంటాం. మసహ్ నేర్పకుండా పిల్లల్ని మంచులోకి పంపుతున్నాం.

దీన్ మనల్ని చలికి చచ్చిపొమ్మని చెప్పలేదు. అమ్ర్ ఇబ్నుల్ ఆస్ రజియల్లాహు అన్హు ఒక ఫౌజీ ప్రయాణంలో గుస్ల్ అవసరమైన రాత్రి, విపరీతమైన చలికి ప్రాణభయంతో తయమ్ముమ్ చేసుకుని సాథీలకు నమాజు చదివించారు. సంగతి రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ దాకా వెళితే, ఆయన వజహ్ విని నవ్వారే కాని తప్పు పట్టలేదు. అబూ దావూద్‌లో ఉంది ఆ రివాయత్. వేడినీళ్ళ కొళాయి ఉన్న చికాగోలో తయమ్ముమ్ చేయమని నేను అనడం లేదు, తొందరపడి తిట్టకండి.

ఇప్పుడు ఖాలా అడిగిన రెండో ప్రశ్న. బుర్ఖాలు ఎన్ని?

మా ఇంట్లో పెద్ద రభస దీని మీదే జరిగింది. మొదటి మంచు పడ్డ రోజు కోటుతో ఫోటో దిగి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. అయిదు నిమిషాల్లో ఫుప్పు నుంచి మెసేజ్. "బచ్చీ బుర్ఖా ఉతార్ దీ క్యా?" ఆ తర్వాత ఎవరూ ఏమీ రాయలేదు, అది ఇంకా ఘోరం. రాత్రి అమ్మీ ఫోన్ చేసి ఏడ్చింది. "ఇక్కడ నేను ఎవరికని జవాబు చెప్పను?" అంది.

ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. తల మీద టోపీ, దాని మీద హిజాబ్, దాని మీద కోటు టోపీ. ముక్కు దాకా ఊలు స్కార్ఫ్. చీలమండల దాకా కోటు. చేతులకి గ్లవుజులు, కాళ్ళకి బూట్లు. కళ్ళు తప్ప నాలో ఏమీ కనిపించడం లేదు. కడపలో పెద్ద దర్గా ఉరుసుకి పోయినప్పుడు కూడా నేను అంత పర్దాలో లేను. నిజానికి ఆ చలిలో ఊరంతా పర్దాలోనే ఉంటుంది. క్రైస్తవులు, యూదులు, ఏ దీనూ లేనివాళ్ళు, ఆడా మగా అందరూ నకాబులే. నన్ను ఎవరూ తిరిగి చూడని రోజులంటే ఆ చలికాలమే.

మరి బుర్ఖా ఏమైంది? ప్రయత్నించాను. పల్చటి సింథటిక్ బుర్ఖా కోటు కింద వేసుకుంటే, ఆ వేడిగదుల పొడిగాలికి కరెంటు పుట్టి చిటపటలాడుతూ కాళ్ళకి అతుక్కుపోతుంది. ఒంటి ఆకారం దాచాల్సిన బట్ట ఆకారం చూపిస్తుంది. కోటు పైన వేసుకుంటే గాలికి తెరచాపలా లేస్తుంది. అంచు ఉప్పు కలిసిన మంచుబురదలో ఈడ్చుకుంటూ మోకాళ్ళ దాకా తెల్లటి చారలు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది బట్టని తినేస్తుంది. గడ్డకట్టిన మెట్ల మీద ఆ అంచు తొక్కి నేను ఒకసారి పడ్డాను కూడా. సూరా అహ్‌జాబ్ 59వ ఆయత్‌లో జిల్‌బాబ్ మాట ఉంది. అది నల్లగా ఉండాలని, ఫలానా బట్టతో కుట్టాలని అందులో లేదు. ఒళ్ళంతా కప్పే వదులైన పొడుగు కోటు ఆ మక్సద్‌ని నెరవేరుస్తుందని నా రాయ్. నేను ఆలిమాను కాను, ఇది ఫత్వా కాదు. మీ మనసుకి సందేహముంటే అడగాల్సినవాళ్ళని అడగండి. కాని గ్రూపులో మెసేజ్ పెట్టేముందు అడగండి.

అసలు ప్రశ్న కోటు విప్పాక మొదలవుతుంది. దాన్ని మన ఇళ్ళలో ఎవరూ ఎత్తరు. క్లాసులో 22 డిగ్రీలు, అందరూ కోట్లు కుర్చీలకి తగిలిస్తారు. అప్పుడు లోపల ఏముంది? థర్మల్స్ ఒంటికి అతుక్కుని ఉంటాయి. బయటి చలికి సిద్ధమైన అమ్మాయి లోపలికొచ్చేసరికి బేపర్దా అయిపోయే ప్రమాదం ఉంది. నేను థర్మల్ మీద మోకాలు దాటే వదులు ఊలు కుర్తా, వదులు సల్వార్ వేసేదాన్ని. నా రూమ్మేట్ దళసరి బట్ట అబాయా వేసుకుని పైన పొట్టి కోటు వేసుకునేది, అదీ బాగానే ఉండేది. ఇంకొకమ్మాయి జీన్స్, పొడుగు స్వెటర్. ఎవరి నియ్యత్ వాళ్ళది. నేను చెప్పేది ఒక్కటే, ఈ మాట పిల్ల విమానం ఎక్కకముందు అమ్మీ కూతురు కూర్చుని మాట్లాడుకోవాలి, కుర్తాలు ఇక్కడే మంచి దర్జీ దగ్గర కుట్టించుకోవాలి. ఆరు నెలలయ్యాక ఫోటో చూసి ఏడవడం కాదు.

అబ్బాయిల తల్లిదండ్రులు నవ్వుకోకండి. వాళ్ళ మర్జ్ ఇంకోటి. చేతి మీద బ్రాండు బిళ్ళ ఉండే కోట్లు ఉంటాయి, కొన్ని వెయ్యి డాలర్లు దాటతాయి. సూద్ లోను మీద చదువుకుంటూ, ఆ సూద్ మీద ఇంట్లో అబ్బా రోజూ ఇస్తిగ్‌ఫార్ చేసుకుంటుంటే, మొదటి జీతం కూడా చూడని కుర్రాడు స్నేహితుల్లో తక్కువైపోతామని అది కొంటాడు. ఇస్రాఫ్ అంటే ఇంకేమిటి? అలాగని రెండు స్వెటర్లతో నెట్టుకొచ్చి న్యుమోనియా తెచ్చుకున్నవాణ్ణీ చూశాను. అది కిఫాయత్ కాదు, ఒంటి అమానత్‌లో ఖియానత్.

2019 జనవరి 30న చికాగోలో పొద్దున మైనస్ 30 సెల్సియస్ దాకా పడింది. గాలితో కలిపి ఒంటికి తెలిసేది మైనస్ 45 కన్నా కింద. పోస్టు ఆగిపోయింది. రైలు పట్టాలు కలిసే చోట గ్యాస్ మంటలు పెట్టి రైళ్ళు నడిపారు. పది నిమిషాల్లోపే బయట ఉన్న చర్మం దెబ్బతింటుందని హెచ్చరికలు. ఆ రోజు కోటు, బూట్లు ఏవీ మాట్లాడవు, ఇంట్లో ఉండటమే. కాని తర్వాతి వారం క్లాసులకి ఆ 22 డాలర్ల కోటులోనే పోయాను. అమ్మీకి అప్పుడు మొత్తం చెప్పాను, వేళ్ళ సంగతితో సహా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ కోటు ఇచ్చినవాళ్ళెవరో గాని, వాళ్ళకి దువా చెయ్యి" అంది. ఫుప్పు గ్రూపులో ఏమీ రాయలేదు గాని, మరుసటి ఏడు తన మనవరాలు కెనడా పోతుంటే పొడుగు కోటు ఎక్కడ దొరుకుతుందని అమ్మీనే అడిగించింది.

ఇదంతా రాసి ఖాలాకి పంపాను. నిన్న ఫోన్ చేసింది. రెండు బుర్ఖాలు చాలన్నాను కాబట్టి రెండే పెట్టిందట, ఈద్‌కీ ప్రయాణానికీ. దర్జీకి ఊలు కుర్తాలు అయిదు ఇచ్చిందట, మే నెలలో ఊలు కుట్టడమేమిటని అతను నవ్వాడట. కోటుకీ బూట్లకీ 200 డాలర్లు వేరే కవర్లో పెట్టి అమ్మాయి పేరు రాసిందట. ఇంటికి దగ్గర్లో ఉన్న మౌలానా సాబ్ దగ్గర మసహ్ మసాయిల్ నేర్చుకోమని కూతుర్ని పంపుతోంది.

పదకొండు వేల జాకెట్ మాత్రం దుకాణం వాడు వాపసు తీసుకోనన్నాడట. మా తమ్ముడికి ఇస్తానంటోంది. కడపలో వాడు దాన్ని ఎప్పుడు వేసుకుంటాడో అల్లాహ్‌కే తెలియాలి.